పంచె నూలుతో చీర

పోయిన వారం మా ఆవిడను వెంటబెట్టుకొని కర్నూలులో కొత్తగా తెరిచిన పెద్ద బట్టల అంగడికి వెళ్లాను. మాదీ చీరల వ్యాపారమే కాబట్టి కొనడానికి కాదు, పోటీ ఎట్లా ఉందో చూసి రావడానికి. లోపల అడుగు పెట్టగానే వరసగా ప్లాస్టిక్ బొమ్మలు కనిపించాయి. అన్నీ తెల్లగా, సన్నగా, అన్నం తిని నాలుగు రోజులైనట్టు మొహాలు పెట్టుకొని నిలబడి ఉన్నాయి. వాటికి పిన్నులు గుచ్చి పట్టుచీరలు చుట్టారు. మా ఆవిడ ఒక బొమ్మ ముందు ఆగి, “మన అంగట్లో ఇట్లాంటి బొమ్మ ఒక్కటీ లేదేంది?” అని అడిగింది.

“నువ్వు కాపురానికి రాకముందు ఒకటి ఉండేది,” అన్నాను. “అది మాట్లాడేది. గిరాకీలతో కూర్చొని టీ కూడా తాగేది.”

అని నవ్వు ఆపుకోలేకపోయాను. చీరలు చూపించే అమ్మాయి నా వైపు అనుమానంగా చూసింది. ఇంటికి వచ్చేదాకా దారంతా మా ఆవిడకు ఆ బొమ్మ పని చేసిన ఆయన గురించే చెబుతూ వచ్చాను.

కోయిలకుంట్లలో మా నాయన నడిపిన అంగట్లోకి నేను కాలేజీ చదువు ముగించుకొని వచ్చేసరికే ఆయన అక్కడ పాతవాడు. నాకంటే బాగా పెద్ద. నేను అన్నా అనేవాణ్ణి, ఆయన నన్ను చిన్న శెట్టీ అనేవాడు. చుట్టుపక్కల పల్లెల ఆడవాళ్లకు మాత్రం ఆయన పేరుతో పని లేదు. గడప తొక్కుతూనే “ఆ లావన్న యాడ?” అని అడిగేవారు.

ఆయన లావు సంగతి ఎవరో చెప్పాల్సిన పని కూడా లేదు. జమ్మలమడుగు దగ్గర నేత పని చేసే ఇంట్లో పుట్టాడు. మగ్గం వదిలి మా అంగడికి ఎందుకు వచ్చావన్నా అంటే, “గుంటలో పట్టల్యా చిన్న శెట్టీ” అనేవాడు. “కాళ్లు పెట్టుకునే గుంటను నా కోసరం మా నాయన రెండు తూర్లు ఎడల్పు జేసినాడు. ఇంగో తూరి తవ్వితే పక్కింటోళ్ల గోడ పడ్తాదని తెచ్చి మీ నాయన దగ్గర ఇడిచిపెట్టినాడు.”

మా నాయన ఆయనకు తొలినాడే చీర కట్టి చూపించే పని అప్పజెప్పాడు. ఆ పనికే పుట్టినట్టు చేసేవాడు. చొక్కా మీదనే, ప్యాంటు బెల్టులో చీర కొస దోపి, గిర్రున ఒక చుట్టు తిరిగి, వేళ్ల మధ్య కుచ్చిళ్లు పోసి, కొంగు భుజం మీదికి విసిరేవాడు. పరుపు మీద కూర్చున్న ఆడవాళ్లు టీ గ్లాసు కింద పెట్టేలోపల చీర ఒంటి మీద నిలబడేది. అటు రెండు అడుగులు, ఇటు రెండు అడుగులు నడిచి, అద్దం ముందు ఆగి, తనను తాను మెచ్చుకోలుగా చూసుకునేవాడు.

“మడత మీద చూసి చీర కొనడమంటే ఫోటో చూసి మొగుణ్ణి చేసుకున్నట్టేనక్కా. కట్టి చూడల్ల.”

“నా మీదనే ఇంత బాగుండాదంటే నీ మీద ఎట్లుంటాదో నువ్వే ఆలోచన జెయ్యి.”

ఏదైనా రంగు కుదరకపోతే నిర్మొహమాటంగా విప్పి మడిచేసేవాడు. “ఇది నాకు నప్పల్యా. నాకే నప్పల్యా అంటే ఇంగ నీకు ఇయ్యను, పో.” ఆ మాటకు ఆడవాళ్లు పడీ పడీ నవ్వి, పక్కన ఉన్న దాన్ని కొనేవాళ్లు. ముసలమ్మలైతే ఇంకో అడుగు ముందుకు వేసి, “పైట నీకు భలే నిలబడ్తాదప్పా!” అనేవారు. అందరికంటే గట్టిగా ఆయనే నవ్వేవాడు.

కొన్ని అలవాట్లు ఉండేవి. చీర కట్టి చూపించని సమయంలో ఎవరితో మాట్లాడినా ఎదకు అడ్డంగా ఒక చీరల కట్ట పట్టుకొని మాట్లాడేవాడు. అది గిరాకీకి చూపించడానికి తెచ్చిన కట్ట అనుకునేవాళ్లం. కోయిలకుంట్ల ఎండల్లో, గోడ ముట్టుకుంటే చెయ్యి కాలే నెలల్లో కూడా చొక్కా కింద రెండు బనియన్లు వేసేవాడు. కరెంటు పోయినప్పుడు అంగడి వెనక గదిలో మేమంతా చొక్కాలు విప్పి విసురుకుంటుంటే ఆయన మాత్రం గుండీలన్నీ పెట్టుకొని కారిపోతూ కూర్చునేవాడు. అంగడి వాళ్లమంతా మహానంది పోయినప్పుడు చొక్కాతోనే నీళ్లలోకి దిగాడు. ఎందుకంటే, “నాకు జలుబు” అన్నాడు. జలుబున్నవాడు నీళ్లలోకి ఎందుకు దిగాడో మేమెవరం అడగలేదు.

పెళ్లి సంబంధాలు వచ్చేవి. ఒకదానికి ఆ పిల్ల ఊర్లో నీళ్లు ఉప్పగా ఉన్నాయన్నాడు. ఇంకోదానికి వాళ్లింటి మెట్లు ఎత్తుగా ఉన్నాయన్నాడు. మరోసారి, “పిల్ల బాగుండాది గాని వాళ్ల నాయన శానా తక్కువ మాట్లాడ్తాడు, అట్లాంటోళ్లతో కష్టం” అన్నాడు. మా నాయనకు కోపం వచ్చి, “నువ్వు చేసుకునేది పిల్లనా, వాళ్ల నాయననా?” అని కేకలేశాడు. ఆయన చీరల కట్ట ఎదకు ఆనించుకొని పైమేడ ఎక్కిపోయాడు.

ఒక పెళ్లిళ్ల కాలంలో అంగడి కిటకిటలాడుతుండగా, గిరాకీలతో వచ్చిన ఎవరో కుర్రవాడు ఫోన్‌తో ఆయన చీర కట్టడం తీశాడు. మేం పట్టించుకోలేదు. చాలామంది తీసేవాళ్లు, ఆయన ఫోటోకు నవ్వి నిలబడేవాడు కూడా. కానీ ఈ వీడియోలో మొహం లేదు. ఎద మాత్రమే ఉంది. దానికి ఒక పాట తగిలించి, కింద ఒక పాడు మాట రాసి వదిలారు. రెండు రోజుల్లో ఊర్లో ప్రతి ఫోన్‌లోకీ చేరింది. టీ కొట్టు దగ్గర, బస్టాండులో, చివరికి మా ఇంటి పక్క క్షౌరశాలలో కూడా అదే నవ్వు.

ఆ మరుసటి రోజు నుంచి ఆయన చీర కట్టడం మానేశాడు. ఎవరైనా అడిగితే చీరను మోచేతి మీద వేలాడదీసి, “ఇట్ల ఉంటాదమ్మా” అనేవాడు. మాటలు కూడా తగ్గిపోయాయి. ఫోన్ ముట్టని మా నాయన తట్టుకోలేక, “వాడు కట్టకపోతే చీర చచ్చినట్టుండాది. ఏమైందో కనుక్కోరా” అని నన్ను పంపాడు.

పైమేడ మీద సరుకు గదిలో, మధ్యాహ్నం అంగడి ఖాళీగా ఉన్న సమయంలో, ఆయన చీరల గుట్టకు ఆనుకొని కూర్చొని ఉన్నాడు. నేను పక్కన కూర్చున్నాను. ఆయన ఒక చీర మడత విప్పి మళ్లీ మడిచాడు. తర్వాత నెమ్మదిగా, “వాళ్లు తీసింది అబద్ధం గాదు గదా చిన్న శెట్టీ” అన్నాడు.

“ఎవడో వెధవ చేసిన పనికి…”

“అట్లగాదు. నాకు నిజంగానే ఉండాయి. ఈడకొచ్చి ఇంగ రోంత ఒళ్లు పెట్టినప్పటి సంది పెరుగుతాండాయి. ముట్టుకుంటే లోపల గట్టిగా తగుల్తాండాది, నొప్పి గూడ ఉండాది.” గొంతు తగ్గించాడు. “క్యాన్సరన్నా అయుండల్ల, ల్యాకుంటే నేను ఆడదాన్నన్నా అయితాండల్ల. ఏదైనా ఒగటే. ఎవరికని చెప్పుకునేది?”

రెండు బనియన్లు, చీరల కట్ట, ఉప్పు నీళ్ల ఊరు, ఎత్తు మెట్లు, అన్నీ ఒకదాని వెంట ఒకటి కళ్ల ముందు తిరిగాయి.

“డాక్టరుకు చూపించుకుందాం పదన్నా” అన్నాను.

“చొక్కా ఇప్పమంటాడా?”

“అనొచ్చు.”

“అయితే వద్దు.”

వారం బతిమాలితే ఒప్పుకున్నాడు. అంతకుముందు మా బంధువొకాయన థైరాయిడ్‌కు చూపించుకున్న హార్మోన్ల డాక్టరు కర్నూలులో ఉన్నారు. ఇంట్లో కొత్త సరుకు చూడబోతున్నామని చెప్పి పొద్దున బస్సెక్కాం. నంద్యాల దాటేదాకా బాగానే ఉన్నాడు. ఓర్వకల్లు రాళ్లగుట్టలు కనిపించేసరికి, “దిగి ఎనక్కి పోదామా? ఈ గుట్టలు చూసినామని చెప్దాం” అన్నాడు. నేను చెయ్యి పట్టుకొని కూర్చోబెట్టాను.

గదిలోకి వెళ్లాక ఆయనకు ఇంకో దెబ్బ. డాక్టరు ఆడమనిషి. పొట్టిగా, గుండ్రటి కళ్లద్దాలతో, స్కూలు పిల్లను పలకరించినట్టు “రాప్పా, కూర్చో” అంది. ఆయన నా చెవిలో, “మగాయన అంటివి గదా” అన్నాడు. నేను అట్లా అనలేదు. డాక్టరని మాత్రమే అన్నాను.

ఆమె ఏ సంకోచమూ లేకుండా చూసింది, నొక్కింది, అడిగింది. మందులేమైనా వాడుతున్నావా, తాగుతావా, కామెర్లు వచ్చాయా అని వరసగా అడిగి, రక్త పరీక్షలూ స్కానూ రాసింది. ఇంకో పరీక్ష మాత్రం పక్కగదిలో ఒక మగ డాక్టరు చేశాడు. దాని గురించి ఆయన నాతో ఏనాడూ మాట్లాడలేదు, నేనూ అడగలేదు. తర్వాత డాక్టరమ్మ తిండి దగ్గరికి వచ్చింది.

“పొద్దున ఏం తింటావు?”

“ఏముందమ్మా, రోంత బొరుగుల ఉగ్గాని.”

“రోంత అంటే?”

ఆయన నా వైపు చూశాడు. నేను గోడ మీది క్యాలెండరు వైపు చూశాను.

“రెండు ప్లేట్లు. బజ్జీలు దాంతోపాటే వస్తాయి గదమ్మా, వాట్ని కలపకూడదు.”

“మధ్యాహ్నం?”

“సంగటి. ముద్ద ఒగటే.”

“ఎంత ముద్ద?”

రెండు చేతులతో చూపించాడు. ఆమె మొహం చూసి చేతులను కొంచెం దగ్గరికి తెచ్చాడు.

“కూల్ డ్రింకులు తాగుతావా?”

“నేను తాగనమ్మా. గిరాకీకి తెప్పిస్తాం గదా, వాళ్లకు తోడు తాగుతా.”

“రోజుకు ఎంతమంది వస్తారు?”

“పెండ్లిండ్ల కాలంలోనా, మామూలు కాలంలోనా?”

ఆమె కలం కింద పెట్టి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

పరీక్షల కాగితాలు వచ్చాక మళ్లీ వెళ్లాం. క్యాన్సరు కాదని ఆమె మొదటి మాటగానే చెప్పింది. ఆయన కుర్చీలో ఒక్కసారిగా జారబడ్డాడు. మరి ఆడదాన్ని అవుతున్నానా అన్న రెండో అనుమానం అడగలేక చొక్కా గుండీ తిప్పుతూ కూర్చున్నాడు. ఆమె దాన్ని పసిగట్టినట్టుంది.

“ఈస్ట్రోజన్ అని ఒక హార్మోన్ ఉంది. ఆడవాళ్లకు ఎక్కువ, మగవాళ్లకు కొద్దిగా. నీకు ఉండాల్సిన దానికంటే ఎక్కువుంది, మగ హార్మోన్ తగ్గింది. దీనికి కారణం నీ ఒళ్లే. కొవ్వు ఊరికే కూర్చొని ఉంటుందని అందరూ అనుకుంటారు. అది పని చేస్తూనే ఉంటుంది. మగ హార్మోన్‌ను పట్టుకొని ఈస్ట్రోజన్‌గా మారుస్తుంటుంది. కొవ్వు ఎంత పెరిగితే ఆ పని అంత పెరుగుతుంది. అంతే తప్ప నువ్వు మగవాడివే.”

ఆయన కాసేపు తల వంచుకొని ఆలోచించాడు. తల ఎత్తేసరికి కళ్లల్లో వీడియో వచ్చినప్పటి నుంచి నేను చూడని వెలుగు.

“అంటే అమ్మా, నా కొవ్వు లోపల మగ్గం పెట్టుకుండాదా? పంచెకని ఇచ్చిన నూలు తీసుకోని చీర నేస్తాండాదా?”

డాక్టరమ్మ ఈసారి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోలేదు, బయట వరండాలో ఉన్నవాళ్లకు వినపడేట్టు నవ్వింది. “అంతే. మగ్గాలు తగ్గించుకో, నేత తగ్గుతుంది” అంది. ఆ వెంటనే నిజం కూడా చెప్పింది. ఒళ్లు తగ్గితే వాపు తగ్గుతుంది గానీ ఏళ్ల తరబడి లోపల గట్టిపడిన గడ్డ మొత్తం కరిగిపోకపోవచ్చని, అప్పుడు కావాలనుకుంటే చిన్న ఆపరేషన్ ఉందని.

ఆ రోజు నుంచి ఈస్ట్రోజన్ మా అంగట్లో ఒక మనిషి అయిపోయింది. ఆయన దాన్ని “ఆయమ్మ” అనేవాడు. పొద్దున్నే కుందూ ఏటి వంతెన దాకా నడిచి వచ్చి, చెమటలు తుడుచుకుంటూ, “ఆయమ్మను నడిపించుకోనొచ్చినా” అనేవాడు. ఉగ్గాని ఒక ప్లేటుకు దిగింది, బజ్జీలు లెక్కలోకి ఎక్కాయి. గిరాకీకి తోడుగా మజ్జిగ తాగడం మొదలుపెట్టాడు. పక్క అంగట్లోంచి ఓళిగల వాసన, అదే బొబ్బట్ల వాసన, వస్తే, కడుపు మీద చెయ్యేసుకొని, “సప్పుడు జెయ్యాకమ్మా, నీకు గాదు అది” అని బుజ్జగించేవాడు. మా నాయనకు అసలు సంగతి తెలియదు. “వీడికి ఎవరో అమ్మవారు పూనిందిరా” అని గొణుక్కునేవాడు.

ఒళ్లు తగ్గుతూ వచ్చింది. చీర మాత్రం మళ్లీ కట్టలేదు.

ఇక్కడ మా చెల్లెలి సంగతి చెప్పాలి. అది నంద్యాలలో బ్యాంకులో పని చేసేది. ఆ ఏడే దానికి నిశ్చితార్థమైంది, శ్రావణంలో పెళ్లి. అబ్బాయి మంచివాడు, దీన్ని ఉన్నదున్నట్టు ఇష్టపడ్డాడు. దీనికే తన మీద ఇష్టం పోయింది. ఫోన్‌లో ఎవరెవరో సన్నటి పెళ్లికూతుళ్లను చూసి అన్నం మానేసింది. రెండు కీరా ముక్కలు, ఒక చెంచా పెరుగు. జాకెట్లు రెండుసార్లు లోపలికి కుట్టించింది. చూసినవాళ్లంతా “ఎంత సన్నగా అయింది పాప!” అని మెచ్చుకుంటుంటే మా అమ్మ పొంగిపోయింది. ఏప్రిల్ నెలలో అది స్వెట్టర్ వేసుకొని అంగడికి వచ్చి, “నాయనా, ఆ ఫ్యాన్ ఆపు, చలిగా ఉంది” అంది. మేమంతా బ్యాంకు ఏసీ అలవాటు అనుకున్నాం.

ఆయన మాత్రం ఆ రోజంతా దాన్ని దొంగచూపులు చూశాడు. సాయంత్రం, “పాపా, రేపు కర్నూలుకు నాకు రోంత తోడు రా” అన్నాడు. “చిన్న శెట్టి సరుకుకు పోతాండాడు. ఆ డాక్టరమ్మ దగ్గర కూచునేటోళ్లంతా ఆడోళ్లే. ఒగణ్ణే కూచుంటే కాన్పుల వార్డులో దూరినట్టుంటాది.” సెలవు పెట్టుకొని ఇంట్లోనే ఉంది కాబట్టి చెల్లెలు సరేనంది. నేను మరునాడు నిజంగానే జమ్మలమడుగు పోవాలి. కానీ ఆ పని ఇంకో రోజు చేసుకుంటానన్నా ఆయన ఒప్పుకోలేదు. ఆయన ఏదైనా ఊహించి తీసుకెళ్లాడా, నిజంగానే సిగ్గుపడి తీసుకెళ్లాడా అని తర్వాత ఎన్నిసార్లు అడిగినా నాకు జవాబు రాలేదు.

అక్కడ జరిగింది చెల్లెలు చెప్పింది. డాక్టరమ్మ ఆయన బరువు చూసి మెచ్చుకొని, వెనక నిలబడ్డ దీన్ని చూసిందట. స్వెట్టరు చూసింది, చేతి మీద నూగు చూసింది, దువ్వుకున్న జుట్టు పలచబడటం చూసింది. “నువ్వు బయట కూర్చోప్పా” అని ఆయన్ని పంపించి, దీన్ని కుర్చీలో కూర్చోబెట్టింది.

“నెలసరి ఎప్పుడొచ్చింది?”

మా చెల్లెలు చెప్పింది. సంక్రాంతికి ముందని. పైగా సంతోషంగా చెప్పిందట, ముహూర్తానికి ఆ లెక్కలు చూసుకునే పని తప్పింది మేడం అని.

డాక్టరమ్మ నవ్వలేదు. “సీమ పిల్లవే కదా. వాన పడకపోతే రైతు ఏం చేస్తాడు? విత్తనం వేయడు, ఉన్న గింజలు దాచుకుంటాడు. నీ ఒళ్లూ అదే చేస్తోంది. తిండి లేదు కాబట్టి గుండెకు, మెదడుకు దాచిపెట్టి మిగతా పనులన్నీ ఆపేసింది. అండాశయానికి పోవాల్సిన కబురే పోవడం లేదు. ఈస్ట్రోజన్ అడుగంటితే నెలసరి ఒక్కటే కాదమ్మా ఆగేది. ఎముకలు గుల్లబారతాయి. నీ వయసులో ఎముక గట్టిపడాలి, నువ్వు కరగబెట్టుకుంటున్నావు. ఇది సన్నబడటం కాదు, కరువు.”

అన్నీ పరీక్ష చేయించి, వేరే జబ్బేమీ లేదని తేల్చుకొని, ఇంకొకామెను కూడా చూడమని రాసిచ్చింది. తిండంటే భయం పోగొట్టేలా మాట్లాడే డాక్టరట. మా చెల్లెలు బయటికి వచ్చి ఆయన పక్కన కూర్చొని ఏడ్చింది. ఆయనకు ఏం చేయాలో తెలియక జేబురుమాలు కోసం వెతికి, దొరక్క, సంచిలో ఉన్న శాంపిల్ జాకెట్ గుడ్డ ఇచ్చాడు.

“ఏమంటాది డాక్టరమ్మ?”

“ఈస్ట్రోజన్ తక్కువుందంట” అని చెప్పింది. అంతకు మించి చెప్పలేక.

ఆయన లేచి నేరుగా లోపలికి పోయాడట. “అమ్మా, ఒగ మాట. నాకేమో ఆయమ్మ ఎక్కువైంది, ఈ పాపకేమో తక్కువైంది. ఇటు తీసి అటు పోసేదానికి మీ దగ్గర గొట్టమేమన్నా ఉండాదా?”

ఏడుస్తున్న మా చెల్లెలు తలుపు దగ్గర నిలబడి ముక్కు తుడుచుకుంటూ నవ్విందట. గొట్టం లేదు గానీ, ఒకరు తగ్గించండి ఒకరు పెంచండి, మధ్యలో ఎక్కడో కలుసుకోండి అని డాక్టరమ్మ పంపించింది.

తిరుగు బస్సు నంద్యాలలో ఆగినప్పుడు ఆయన దిగి ఒక పొట్లం ఉగ్గాని తెచ్చి దీని చేతిలో పెట్టాడు. తనకు తెచ్చుకోలేదు. వాసన తగలకుండా మొహం కిటికీ వైపు తిప్పుకొని కూర్చున్నాడు. ఇది ఒక్కో గింజా నములుతూ సగం తిని, “ఇంక నావల్ల కాదన్నా” అంది.

“సగం తింటివి గదా. ఈ పొద్దుకు సాలు. ఆ మిగిలింది నాకు జూపియ్యాకు, దండం పెడ్తా.”

ఇంట్లో తెలిశాక మా అమ్మ కూలబడింది. “నా ఇంట్లో, నా చేతి వంట ముందర, నా బిడ్డ పస్తులుండిందా?” అని ఇంట్లో ఒక్కొక్కర్నీ నిలబెట్టి అడిగింది. తర్వాత కొసరి కొసరి పెట్టబోతే, బలవంతం చేయవద్దని ఆ రెండో డాక్టరు చెప్పిందని చెల్లెలే ఆపింది. అది తేలిగ్గా ఏమీ జరగలేదు. కొన్ని రోజులు తినేది, కొన్ని రోజులు పళ్లెం చూసి ఏడ్చేది. మధ్యాహ్నాలు అంగడికి వచ్చి ఆయన పక్కన కూర్చొని తినడం అలవాటు చేసుకుంది. ఇంట్లో కంటే అక్కడ అన్నం దిగేదట. ఆయన తన టిఫిన్ డబ్బా తెరిచి జొన్నరొట్టెను రెండు ముక్కలు చేసి, పెద్ద ముక్క వైపు ఆశగా చూసి, దాన్నే దీని పళ్లెంలోకి తోసేవాడు. “నువ్వు తింటాంటే చూసేదానికి నాకు ఎంత కష్టమైతాండాదో తెల్సా? నా కష్టం ఊరికే పోనియ్యాకు.”

పెళ్లిచీర తీసుకునే రోజు వచ్చింది. మా వాళ్లు, అబ్బాయి వాళ్లు, వాళ్ల చుట్టాలు అంగడంతా నిండిపోయారు. ఆయన చీర మోచేతి మీద వేసుకొని “ఇట్ల ఉంటాదమ్మా” అనబోయాడు. మా చెల్లెలు పరుపు మీద బాసింపట్టు వేసుకొని కూర్చొని, “నాకట్ల అర్థం కాదన్నా” అంది. “కట్టి చూపించు. ల్యాకుంటే చుడీదార్‌లోనే తాళి కట్టించుకుంటా.”

వీడియో చూడనివాళ్లు ఆ గదిలో తక్కువ. ఆయన దాని వైపు చూశాడు. చేతిలో ఉన్న చీరల కట్టను ఎదకు ఆనించుకొని ఉన్నాడు. తర్వాత ఆ కట్ట పరుపు మీద పెట్టాడు.

మామిడిపండు రంగు చీర. కొస బెల్టులో దోపి గిర్రున తిరిగాడు. కుచ్చిళ్లు పోస్తూ పోస్తూ ఆగి, “ఏంది ఇన్ని మిగుల్తాండాయి? నేసినోడు పొడుగు ఎక్కువ పెట్టినాడే!” అన్నాడు. ఆయన నడుము తగ్గిందని గుర్తొచ్చి మేమంతా ఒక్కసారిగా నవ్వాం. కొంగు భుజం మీదికి విసిరాడు. ఎద ఇంకా ఉంది. తక్కువైంది, పోలేదు. అబ్బాయి తరఫు కుర్రవాడొకడు ఫోన్ పైకి ఎత్తాడు. నేను లేవబోయాను. నాకంటే ముందు ఆయనే వాడి వైపు తిరిగాడు.

“ఆ పక్కనుంచి గాదప్పా. ఎడమ పక్క రా, అంచు బాగా పడ్తాది. మొగం గూడ రానీ.”

వాడు బుద్ధిగా ఎడమ పక్కకు వచ్చి, మొహంతో సహా తీశాడు.

పెళ్లి బాగా జరిగింది. కొన్ని నెలల తర్వాత చెల్లెలు అత్తగారి ఊరి నుంచి ఫోన్ చేసి, ఏదో మాట్లాడి, ఆయనకు ఫోన్ ఇమ్మంది. ఆయన విని, “అట్లనా తల్లీ, మంచిది, మంచిది” అని ఫోన్ నాకిచ్చాడు. ఏమిటన్నా అంటే, “ఆయమ్మ ఇంటికి తిరిగొచ్చిందంట” అన్నాడు. కళ్లు తుడుచుకున్నాడు.

ఆపరేషన్ మాట నేనే కదిపాను. “వద్దులే. ఇప్పుడు నొప్పి ల్యా, భయం ల్యా. ఉన్న కాస్త ఉండనీ, వ్యాపారానికి పనికొస్తాది” అన్నాడు. అయితే పెళ్లి చేసుకో అన్నాను. ఈసారి నీళ్లనూ మెట్లనూ అడ్డం పెట్టలేదు. “చేసుకుంటా గాని, ముందుగానే ఆ పిల్లకు నా నోటితో చెప్తా” అన్నాడు.

ప్రొద్దుటూరులో సంబంధం. వాళ్లదీ నేత ఇల్లే. ఆ అమ్మాయి ఇంటి ముందర గదిలో జాకెట్లు కుట్టే పని పెట్టుకుంది. వయసు ఆయనకు తగ్గట్టే ముదిరింది. ఎందుకింత ఆలస్యమైందని మేం అడగలేదు, వాళ్లూ అడగలేదు. కాఫీలయ్యాక ఆయన గొంతు సవరించుకొని, అమ్మాయితో కాసేపు మాట్లాడాలన్నాడు. ఇద్దరూ కుట్టు మిషన్ ఉన్న గదిలోకి వెళ్లారు. మేం వసారాలో కూర్చున్నాం. నేనూ, మా నాయనా, ఆ అమ్మాయి మేనమామా.

మొదట ఆయన గొంతు సన్నగా వినిపించింది. అది ఆగిపోయేసరికి మా నాయన భుజం మీది కండువాతో మొహం తుడుచుకోవడం మొదలుపెట్టాడు. అప్పుడు ఆమె గొంతు వినిపించింది. తర్వాత ఉన్నట్టుండి ఇద్దరి నవ్వు. అట్లాంటిట్లాంటి నవ్వు కాదు. ఆగి ఆగి, మళ్లీ మొదలై, ఊపిరాడని నవ్వు. మేనమామ కంగారుగా లేచి తలుపు సందులోంచి తొంగిచూసి వచ్చి, “ఏందప్పా ఇది? ఇద్దరూ ఒగరి మొగం ఒగరు ఎలుతురుకు తిప్పి చూసుకుంటాండారు!” అన్నాడు.

బయటికి వచ్చాక ఆయన ఎవరి మొహమూ చూడలేదు. మంచిరోజు చూడమన్నాడు. బస్సెక్కి జమ్మలమడుగు దాటాం. నేను పొడిచి పొడిచి అడిగితే అప్పుడు చెప్పాడు.

“అంతా చెప్పేసినా చిన్న శెట్టీ. బనియన్లు, వీడియో, డాక్టరమ్మ, అన్నీ. తల వంచుకోని వినింది. విని, ‘నాకు గడ్డం కింద ఎంట్రుకలొస్తాయి. హార్మోన్ల తేడా అంట. రెండు దినాలకొగసారి పీక్కుంటా. నీకు ఎట్ల చెప్పల్ల అని పొద్దున్నుంచి ఒగటే జాకెట్టు కుట్టి ఇప్పుతాండా’ అనింది. ‘యాడ, చూపీ’ అంటి. కిటికీ కాడికొచ్చి చూపిచ్చింది.”

మళ్లీ నవ్వు వచ్చి మాట ఆగిపోయింది. ముందు సీటు వాళ్లు వెనక్కి తిరిగి చూశారు.

“నవ్వినాక ఏమనిందో తెల్సా? ‘అయితే మనింట్లో అద్దం ముందర నాకే ఎక్కువ సేపు పడ్తాది’ అనింది.” ఆయన నా మోచెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. “మనింట్లో అనింది, చిన్న శెట్టీ. విన్నావా? మనింట్లో.”